మంచు దారులు – 9: ఒకే సంచిలో ‘మీరు’

పోయిన వారం ఫ్రాంక్లిన్ రెండు ఓడలనూ, వాటితో పాటు 129 మందినీ కెనడాకు ఉత్తరాన మంచులో వదిలేసి వచ్చాం. ఆ కథ విన్నవాళ్లు ఎవరైనా ఒకటే అంటారు: మంచు కనిపిస్తే ఓడను వెనక్కి తిప్పుకోవాలి. ఈ వారం మన ఓడ మంచును వెతుక్కుంటూ పోయి, కావాలని అందులో ఇరుక్కుంది.

ఆ ఓడ ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉంది. ఓస్లోలో నగర మందిరం ముందున్న రేవులో లాంచీ ఎక్కితే కాసేపట్లో బిగ్డోయ్ చేరతాం. ఓస్లోలో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు వెంట వచ్చాడు. రేవు పక్కనే ఒక విచిత్రమైన కట్టడం. కప్పు రెండు వైపులా నేల దాకా దిగిపోయి, గోడలు కట్టడం మరచిపోయిన ఇల్లులా ఉంటుంది. “ఇదేంటిరా, ఇలా కట్టారు?” అంటే “ముందు ఓడని ఒడ్డుకి లాగి, తర్వాత దాని చుట్టూ కట్టారు మామయ్యా” అన్నాడు. నిజమే. 1935లో ఓడను నేల మీదికి చేర్చారు. 1936 మే 20న రాజు హాకోన్ వచ్చి మ్యూజియం తెరిచాడు. ఓడ పేరు ఫ్రామ్. నార్వే భాషలో ‘ముందుకు’ అని.

లోపలికి అడుగు పెట్టగానే ముక్కు ఎత్తుకుని నిలబడి ఉంటుంది. చుట్టూ మూడు అంతస్తుల వసారాలు, వాటిలో పటాలు, స్లెడ్జిలు, బొచ్చు కోట్లు. చలి ఎలా ఉంటుందో చూపించే గది ముందు పిల్లలు బారులు తీరి ఉన్నారు. నేను ఆ గదికి పోలేదు. నాకు కావలసింది ఓడ అడుగు.

ఎందుకంటే ఈ ఓడ కథంతా దాని అడుగులోనే ఉంది. మామూలు ఓడకి అడుగున వెన్నెముకలా కీల్ పొడుచుకు వచ్చి ఉంటుంది, నిటారు పక్కలుంటాయి. మంచు రెండు వైపుల నుంచీ నొక్కితే పట్టు దొరుకుతుంది, ఓడ పగులుతుంది. ఫ్రిట్యోఫ్ నాన్సెన్ అనే ముప్పై ఏళ్ల శాస్త్రవేత్త లార్విక్ పట్టణంలో ఓడలు కట్టే కాలిన్ ఆర్చర్ దగ్గరికి వెళ్లి, మంచుకు పట్టు దొరకని ఓడ కట్టమన్నాడు. రసం పీల్చేసిన మామిడి టెంకను పిల్లాడు గుప్పిట్లో బిగిస్తే ఏమవుతుంది? పైకి జారుతుంది. ఆర్చర్ కట్టినది అలాంటి టెంక. పక్కలు గుండ్రం, అడుగు చదునుగా, పొడవు 39 మీటర్లు, వెడల్పు 11. పొడవుకు తగని వెడల్పు. చూడ్డానికి అందగత్తె కాదు, నేనైతే మొహమాటపడకుండా చెబుతాను, పొట్టి బానలా ఉంటుంది.

మంచుకు పనికొచ్చిన ఆకారమే నీళ్లలో శాపం. బయటి సముద్రంలో ఫ్రామ్ అటూ ఇటూ దొర్లిన దొర్లుడికి ఆరితేరిన నావికులకే కడుపులో తిప్పిందట. ఓడ గోడ మందం 70 నుంచి 80 సెంటీమీటర్లు. లోపల ఓక్ ఎముకలు, వాటి మీద పలకల పొరలు, అన్నిటికీ పైన గ్రీన్‌హార్ట్ అనే దక్షిణ అమెరికా చేవ కలప. మంచు ఒరుసుకుపోయినా పోయేది ఆ పైతోలే. చుక్కానిని, ప్రొపెల్లర్‌ని మంచు విరిచేయకుండా పైకి లాగేసుకునే ఏర్పాటు. మనుషులుండే చోట గోడల్లో కార్క్, ఫెల్టు, దుప్పి జాతికి చెందిన రెయిన్‌డీర్ వెంట్రుకలు కూరారు. ఇప్పుడు తల వంచుకుని ఆ గదుల్లోకి దిగితే మధ్యలో భోజనాల గది, దాని చుట్టూ అగ్గిపెట్టెల్లాంటి పడక గదులు. ఇంకా కిందికి దిగితే దూలాలు, అడ్డకర్రలు, ఏటవాలు పోట్లు. ఓడలో ఉన్నామా, అడవిలో ఉన్నామా అనిపిస్తుంది.

ఇంత ఓడ ఎందుకు కట్టారంటే, ఒక లాగు దొరికింది కాబట్టి.

జానెట్ అనే అమెరికా ఓడ ధ్రువం వైపు పోతూ మంచులో చిక్కి, 1881 జూన్‌లో సైబీరియాకు ఉత్తరాన నలిగి మునిగిపోయింది. మూడేళ్ల తర్వాత గ్రీన్‌లాండ్ నైరుతి తీరంలో, మంచు పలక మీద కొన్ని వస్తువులు కొట్టుకొచ్చాయి. కెప్టెన్ డిలాంగ్ సంతకం ఉన్న సరుకుల జాబితా, లూయీ నోరోస్ అనే నావికుడి పేరు రాసి ఉన్న నూనెగుడ్డ లాగు. సైబీరియా దగ్గర మునిగిన ఓడ తాలూకు లాగు భూగోళం అవతలి పక్క ఎలా తేలింది? మంచే మోసుకు వచ్చి ఉండాలని ప్రొఫెసర్ హెన్రిక్ మోన్ పత్రికలో రాశాడు. అందరూ చదివి మడిచి పక్కన పెట్టారు. నాన్సెన్ ఒక్కడే, లాగు రాగలిగితే ఓడా రాగలదు, ఓడలో మనిషీ రాగలడు అనుకున్నాడు.

1892లో లండన్‌లో ఈ మాట చెబితే తలపండిన ధ్రువ యాత్రికులు తల అడ్డంగా ఊపారు. ఫ్రాంక్లిన్ ఆనవాళ్లు వెతికిన మెక్లింటాక్ కూడా వాళ్లలో ఉన్నాడు. అమెరికాలో గ్రీలీ ఇంకా గట్టిగా, ఇది చేజేతులా చావడమేనన్నాడు. ఆయనను తప్పు పట్టలేం. తన యాత్రలో 25 మందితో వెళ్లి, ఆరుగురు మాత్రమే ఇల్లు చేరడం చూసినవాడు. అయినా నార్వే పార్లమెంటు అప్పటికే డబ్బిచ్చేసింది. 1892 అక్టోబర్ 26న నాన్సెన్ భార్య ఏవా పేరు పెట్టగా ఓడ నీళ్లలోకి దిగింది.

ఇక్కడే ఈ వారం అసలు మనిషి కథలోకి వస్తాడు. మ్యూజియంలో నాన్సెన్, స్వెర్‌డ్రుప్, ఆముండ్‌సెన్ ముగ్గురి పేర్లూ పెద్దక్షరాలతో ఉంటాయి. ముగ్గురూ ముగ్గురు నాయకులు, ముగ్గురివీ మూడు యాత్రలు. కానీ మొదటి యాత్రలోనూ మూడో యాత్రలోనూ కనిపించే ముఖం ఇంకొకటి ఉంది. యాల్మార్ యోహాన్‌సెన్. షీన్ పట్టణం వాడు, 1867లో పుట్టాడు. పేరున్న జిమ్నాస్ట్, సైన్యంలో రిజర్వు లెఫ్టినెంటు. నన్నూ తీసుకుపొమ్మని నాన్సెన్‌ను అడిగాడు. అన్ని ఖాళీలూ నిండిపోయాయి, బాయిలర్‌లో బొగ్గు వేసే పని ఒక్కటే ఉందన్నారు. సరే అన్నాడు. లెఫ్టినెంటు పార పట్టుకుని పదమూడు మందిలో ఒకడిగా ఓడ ఎక్కాడు.

1893 జూన్ 24న బయల్దేరారు. సెప్టెంబర్ 22కి సైబీరియాకు ఉత్తరాన ఫ్రామ్ చుట్టూ మంచు బిగిసింది. మంచు నొక్కినప్పుడల్లా ఫిరంగులు పేలినట్టు చప్పుళ్లు. టెంక పైకి జారింది. మళ్లీ నొక్కింది, మళ్లీ జారింది. కొన్నాళ్లకి జనం ఆ మోత వింటూనే పేకాట ఆడుకున్నారు. డెక్ మీద గాలిమర పెట్టి, దానితో డైనమో తిప్పి, నెలల తరబడి సాగే చీకట్లో కరెంటు దీపాలు వెలిగించారు. మన ఊళ్లలో చాలావాటికి కరెంటు రావడానికి ఇంకా అరవై ఏళ్లుంది. బీరువాల నిండా పుస్తకాలు, పాడుకోవడానికి ఆర్గన్ పెట్టె. తిండిలో జాగ్రత్తల వల్ల స్కర్వీ ఒక్కరికీ రాలేదు.

పనిలేక కూర్చోలేదు. ధ్రువం చుట్టూ సముద్రం లోతు తక్కువని అప్పటి నమ్మకం. తాడుకు బరువు కట్టి వదిలితే తాడు అయిపోయింది గానీ అడుగు తగల్లేదు. ఓడలోని ఉక్కు మోకును పురులు విప్పి, ఆ తీగలను ముడివేసి పొడవాటి తాడు పేనారు. మూడు వేల మీటర్లకు పైన లోతు! పైన గడ్డకట్టే నీళ్ల కింద, అట్లాంటిక్ నుంచి వచ్చే కాస్త వెచ్చని నీటి పొర ఉందని కూడా తేలింది.

అన్నిటికంటే చిన్నగా కనిపించి పెద్దదైనది ఇంకొకటి. గాలి ఒక దిక్కుకు వీస్తే మంచు అదే దిక్కుకు పోవడం లేదు, 20 నుంచి 40 డిగ్రీలు కుడికి ఒరుగుతోంది. భూమి తిరగడమే కారణమని నాన్సెన్ గ్రహించాడు. ఇంటికొచ్చాక ఆ లెక్క తేల్చే పని ఎక్‌మన్ అనే స్వీడన్ కుర్రాడికి అందింది. గాలి నీటిని తనకు కుడి పక్కకి ఎలా తోస్తుందో అతను గణితంలో కట్టాడు. భూమధ్యరేఖకు ఉత్తరాన ఎక్కడైనా ఇదే లెక్క. మన విశాఖ తీరం వెంబడి నైరుతి గాలి వీచినప్పుడు పై నీళ్లు కుడికి, అంటే ఒడ్డు నుంచి దూరంగా జరుగుతాయి. ఆ ఖాళీలోకి కింది చల్లని నీళ్లు పైకొస్తాయి. 1950ల్లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చిన అమెరికా సముద్ర శాస్త్రవేత్త లాఫాండ్ మన కుర్రాళ్లతో కలిసి కొలిచింది దాన్నే. మంచులో ఓడ పక్కకి ఒరగడం చూసి పుట్టిన లెక్క వాల్తేరు ఒడ్డున పనికొచ్చింది.

యోహాన్‌సెన్ సంగతి? ఓడ మంచులో ఆగిపోయాక బొగ్గు వేసే పనేముంది! వాతావరణం లెక్కలు రాసుకునే స్కాట్ హాన్సెన్‌కు సహాయకుడిగా మారాడు.

ఏడాదిన్నర గడిచింది. మంచు ఓడను మోస్తోంది గానీ ధ్రువం మీదుగా మోసేలా లేదు. నాన్సెన్ ఓడ దిగి నడిచి వెళ్లాలనుకున్నాడు. ఒక తోడు కావాలి. బొగ్గు వేసిన లెఫ్టినెంటునే ఎంచుకున్నాడు. 1895 మార్చి 14న ఇద్దరు మనుషులు, 28 కుక్కలు, మూడు స్లెడ్జిలు, రెండు కాయక్ పడవలతో ఉత్తరానికి బయల్దేరారు. తిరిగి ఓడ దగ్గరికి రావడమనే మాట లేదు. కదిలే మంచులో కదిలే ఓడను ఎక్కడని వెతుకుతారు?

నార్వే భాషలో అప్పట్లో మనకున్నట్టే రెండు మాటలుండేవి. దగ్గరివాళ్లకి ‘దు’, మర్యాదకి ‘దీ’. నువ్వు, మీరు. ఈ యాత్ర గురించి ఇంగ్లీషులో చదివినన్నాళ్లూ నాకు ఈ ముచ్చట అందలేదు. ఆ భాషలో అందరూ ‘యూ’నే కదా. నాన్సెన్, యోహాన్‌సెన్ చలికి తాళలేక ఇద్దరూ ఒకే పడక సంచిలో పడుకునేవాళ్లు. బట్టలు ఒంటి మీదే మంచు రేకుల్లా గడ్డకట్టి, మణికట్లు కోసుకుపోయేవి. ఆ సంచిలో ఒకరి ఊపిరి ఒకరి మొహం మీద కొడుతుంటే, ఒకరినొకరు ‘మీరు’ అనుకునేవాళ్లు.

ఏప్రిల్ 8న 86 డిగ్రీల 14 నిమిషాల దగ్గర ఆగారు. అంత ఉత్తరానికి అప్పటిదాకా మనిషి పోలేదు. ధ్రువం ఇంకా దాదాపు 420 కిలోమీటర్లు, ముందంతా ఎగుడుదిగుడు మంచు గుట్టలు. వెనక్కి తిరిగారు. ఆ వారంలోనే అలసటలో ఇద్దరూ గడియారాలకు కీ ఇవ్వడం మరిచారు. రెండూ ఆగిపోయాయి. వినడానికి చిన్న పొరపాటే. కానీ తూర్పు పడమరల్లో ఎక్కడున్నామో చెప్పేది గడియారమే, అది ఆగితే పటం మీద మన చుక్క చెరిగిపోయినట్టు. అక్కడి నుంచి నెలల తరబడి అందాజుగా నడిచారు.

ఆగస్టులో ఒక రోజు వెనక నుంచి ఎలుగుబంటి వచ్చి యోహాన్‌సెన్‌ను పడగొట్టింది. తుపాకీ అందలేదు. వెల్లకిలా పడి, దాని గొంతు ఒక చేత్తో పట్టుకున్నాడు. నాన్సెన్ తుపాకీ కాయక్‌లో ఉంది, కాయక్ నీళ్లలోకి జారుతోంది. యోహాన్‌సెన్ కేకలు పెట్టలేదు. మీరు కాస్త తొందరపడకపోతే ఆలస్యమైపోతుందేమో అన్న ధోరణిలో చెప్పాడు. ఎలుగు కోరల కింద కూడా మర్యాద తప్పలేదు. నాన్సెన్ చెవి వెనక గురిచూసి కాల్చాడు.

అదే నెలలో మంచు అంచు వచ్చింది, ఇక ముందుకు పడవల్లోనే. మిగిలిన రెండు కుక్కలను ఏం చేయాలి? 28 కుక్కల్లో మిగతావాటిని ఒకదాని తర్వాత ఒకటి చంపి, బతికినవాటికి మేపుతూ వచ్చారు. చివరివాటిని చంపడానికి ఎవరికీ చేతులు రాలేదు. నాన్సెన్ కుక్క కైఫాస్‌ను యోహాన్‌సెన్, యోహాన్‌సెన్ కుక్క సుగ్గెన్‌ను నాన్సెన్ కాల్చారు. ఒకరి కుక్కను ఒకరు.

ఫ్రాంజ్ జోసెఫ్ దీవుల్లో చలికాలం ముంచుకొచ్చింది. నేల తవ్వి, రాళ్లు పేర్చి, కొట్టుకొచ్చిన దుంగను వెన్నుదూలంగా వేసి, వాల్రస్ తోళ్లు కప్పారు. నాన్సెన్ నిలబడితే తల తగిలేది. ఆ బొరియలో దాదాపు ఎనిమిది నెలలు. పొద్దున ఎలుగు మాంసం ఉడికించి, రాత్రి ఎలుగు మాంసం వేయించి. ఇద్దరూ ఒళ్లు చేశారు! దీపానికీ పొయ్యికీ వాల్రస్ కొవ్వే, మసికి ఇద్దరూ నల్లబడ్డారు. క్రిస్మస్‌కు కొత్త బట్టలు కట్టుకోవాలిగా, యోహాన్‌సెన్ చొక్కా విప్పి, తిరగేసి తొడుక్కున్నాడు.

1895 చివరి రాత్రి. ఇన్నాళ్లు ఒకే సంచిలో ఉంటున్నాం, ఇకనైనా ‘మీరు’ మానేసి ‘నువ్వు’ అనుకుందామా అని నాన్సెన్ అడిగాడని చెబుతారు. ఓడ దిగి తొమ్మిది నెలలు దాటింది. మ్యూజియంలో ఆ పాక బొమ్మ ముందు నిలబడి మా వాడికి ఈ సంగతి చెప్పాను. నవ్వాడు. “ఇప్పుడిక్కడ ఎవరూ ‘దీ’ అనరు మామయ్యా. మా మేనేజర్ని ‘నువ్వు’ అంటాను, ప్రధానమంత్రి ఎదురొచ్చినా ‘నువ్వే’. మొదటి నెలంతా నాకు నోరు తిరగలేదు.” నేనైతే నాన్సెన్‌ను పూర్తిగా తప్పు పట్టను. మన ఇళ్లలో యాభై ఏళ్లు కాపురం చేసి, మొగుణ్ణి ‘మీరు’ అనే పిలిచి వెళ్లిపోయిన పెద్దమ్మలు ఎంతమంది లేరు? మర్యాద అంత తేలిగ్గా వదిలే చలి కాదు.

1896 మే 19న పాక విడిచారు. జూన్ 17న నాన్సెన్‌కు దూరాన కుక్క అరుపు వినిపించింది. ఆ మంచులో ఫ్రెడరిక్ జాక్సన్ అనే ఆంగ్లేయుడు తన యాత్రా బృందంతో విడిది చేసి ఉన్నాడు. జుట్టు పెరిగి, మసి పట్టిన ఆ మనిషి చేయి పట్టుకుని కుశలం అడిగాడు. తర్వాత మనుషులను పంపి యోహాన్‌సెన్‌నూ తెచ్చారు. వాళ్లు నార్వే తీరంలో వార్దో చేరిన ఆగస్టు 13నే, ఎక్కడో స్పిట్స్‌బెర్గెన్ దగ్గర ఫ్రామ్ మంచు నుంచి బయటపడింది. రచయిత ఎవరైనా ఇలా రాస్తే సంపాదకుడు కొట్టేస్తాడు. లాగు చెప్పిన దారి నిజమైంది. పదమూడు మందిలో ఒక్కరూ చావలేదు.

ఫ్రామ్ రెండో యాత్ర, 1898 నుంచి 1902 దాకా, ఒట్టో స్వెర్‌డ్రుప్‌ది. కెనడా ఉత్తరాన దీవుల పటాలు ఎవరూ గీయనంత ఓపికగా గీశాడు. డబ్బు పెట్టిన బీరు వ్యాపారుల పేరు మీద రెండు దీవులకు రింగ్నెస్ అని పేరు కూడా పెట్టాడు. ఆయనకు ఒక వారం పూర్తిగా ఇవ్వాలి, ఇస్తాను.

మూడోది ఆముండ్‌సెన్‌ది. 1910లో ఫ్రామ్‌లో ఆవిరి యంత్రం తీసేసి డీజిల్ ఇంజన్ పెట్టారు. బొగ్గు వేసేవాడి అవసరమే లేకుండా పోయింది. అయినా యోహాన్‌సెన్ మళ్లీ ఎక్కాడు. మధ్య పద్నాలుగేళ్లూ బాగా గడవలేదు. సైన్యంలో కెప్టెన్ ఉద్యోగం వచ్చింది గానీ తాగుడు పట్టుకుంది, సంసారం చెదిరింది. తీసుకెళ్లమని ఆముండ్‌సెన్‌కు నాన్సెనే చెప్పాడు. ఉత్తరానికని బయల్దేరిన ఓడను ఆముండ్‌సెన్ మడీరా దగ్గర ఆపి, మనం పోతున్నది దక్షిణ ధ్రువానికి అని చెప్పడం అందరికీ తెలిసిన కథే.

అంతగా చెప్పుకోనిది 1911 సెప్టెంబర్ కథ. అదే ధ్రువానికి పోటీగా వచ్చిన ఆంగ్లేయుడు స్కాట్ ముందే చేరతాడేమోనన్న ఆత్రంలో ఆముండ్‌సెన్ చలికాలం పోకముందే సెప్టెంబర్ 8న బయల్దేరదీశాడు. వద్దు, తొందర అన్నది యోహాన్‌సెన్. వినలేదు. సున్నాకు యాభై డిగ్రీలు దిగువన చలి. కుక్కలు గడ్డకట్టి చచ్చాయి, మనుషుల మడమలు చచ్చుబడ్డాయి. వెనక్కి తిరిగారు. చివరి రోజు ఆముండ్‌సెన్ ఇద్దరితో కలిసి స్లెడ్జి మీద ముందుకు దూసుకుపోయాడు. వెనకపడ్డ ప్రెస్‌ట్రుడ్ కాళ్లు పనిచేయడం లేదు. వంట పొయ్యి లేదు, తిండి లేదు. అతని కోసం ఆగి, చీకట్లో నడిపించుకుంటూ విడిదికి చేర్చింది యోహాన్‌సెన్.

మర్నాడు పొద్దున అందరి ముందూ నాయకుణ్ణి నిలదీశాడు. ఇది భయపడి పారిపోవడం గానీ యాత్ర కాదన్నంత పని చేశాడు. ఆముండ్‌సెన్ దాన్ని క్షమించలేదు. ధ్రువానికి వెళ్లే జట్టు నుంచి తీసేశాడు. తను కాపాడిన, తనకంటే చిన్నవాడైన ప్రెస్‌ట్రుడ్ కింద పెట్టి మరో దిక్కుకు పంపాడు. నాయకుడి మాటకు ఎదురు చెప్పినవాణ్ణి మంచులో వెంట ఉంచుకోవడం కష్టమని ఆముండ్‌సెన్ వైపు వాదించేవాళ్లు ఉన్నారు, ఆ వాదంలో పస లేకపోలేదు. కానీ నా మొగ్గు ఎటో ఇప్పటికే మీకు తెలిసిపోయి ఉంటుంది.

డిసెంబర్ 14న ఐదుగురు దక్షిణ ధ్రువం చేరారు. 1912 మార్చిలో ఓడ టాస్మేనియాలోని హోబార్ట్ రేవుకు రాగానే యోహాన్‌సెన్‌ను దింపేసి, విడిగా ఇంటికి పంపించారు. ఊరేగింపుల్లో అతను లేడు. 1913 జనవరిలో ఈ ఓస్లోలోనే, అప్పటి పేరు క్రిస్టియానియా, సొల్లి పార్కులో తుపాకీతో కాల్చుకుని చనిపోయాడు. నలభై ఐదేళ్లు.

మ్యూజియం నుంచి బయటికొస్తే నీళ్ల ఒడ్డున కంచు విగ్రహాలున్నాయి. దక్షిణ ధ్రువం చేరినవాళ్లు. లెక్కపెట్టాను, ఐదే. పర్యాటకులు వాళ్ల మధ్య నిలబడి ఫొటోలు దిగుతున్నారు.

తిరుగు లాంచీలో మా వాడు చాలాసేపు మాట్లాడలేదు. రేవు దగ్గరపడుతుంటే అన్నాడు. “సొల్లి అంటే మా ట్రామ్ ఆగే చోటే మామయ్యా. రోజూ ఆఫీసుకి అటే పోతాను.”

(ఇంకా ఉంది)